ఇంకా ఎగురుతున్నట్టే లెక్క

ఆ ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు చినమట్లపూడిలో మాల్యాద్రి ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: మాల్యాద్రి, అతని తల్లి అంకమ్మ, పదో తరగతి చదివే అతని కూతురు హైమ, నేడో రేపో ఈనబోయే గేదె. ఇంతవరకు మామూలే. మాల్యాద్రి భార్య, తన తమ్ముడి పెళ్ళిచూపులకని, పుట్టింటికి వెళ్ళింది కాబట్టి లెక్కలోకి రాదు. వీళ్ళు కాక, జిల్లా గృహాంతర విమాన క్రీడా ప్రోత్సాహక సంఘం కన్వీనర్ దశరథరామయ్య గారు. ఆ సంఘానికి పైనుంచి పంపిన వాయు పరిశీలకులు సచ్చిదానందం గారు. హైమ బడిలో డ్రిల్లు మాస్టారు అబ్రహాం, మెడలో స్టాప్‌వాచీతో. పట్నం బళ్ళ నుంచి వచ్చిన పోటీదారులు ఆరుగురు, వాళ్ళ తల్లిదండ్రులు పన్నెండుగురు. ఒక ఫొటోగ్రాఫరు. సన్మానానికి శాలువా పట్టుకొచ్చిన మనిషి. ఆ శాలువా కప్పించుకోవడానికి వచ్చిన ముఖ్య అతిథి. మొత్తం మనుషులు ఇరవై ఏడుగురు, పశువు ఒకటి.

ఈ లెక్క రాసింది సచ్చిదానందం గారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఒక్కొక్కరి పేరు అడిగి, పేరు ఎదురుగా ‘శరీరోష్ణము’ అనే గడి నింపారు. గేదె దగ్గరికి వెళ్ళి కాసేపు ఆలోచించి, దానికి మనిషి కంటే ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ వేశారు.

“గేదె యాడికీ రాదు సార్, కొట్టంలోనే ఉంటది,” అన్నాడు మాల్యాద్రి.

“రాకపోవచ్చునండీ. కానీ దాని వేడి వస్తుంది,” అన్నారు సచ్చిదానందం గారు.

హైమ తలుపు చాటున నిలబడి ఇదంతా చూస్తోంది. ఆమెకు కొత్తవాళ్ళ ముందు గొంతు రాదు. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది తప్ప పలకదు. చెప్పుకోవలసినవన్నీ ఒక రెండువందల పేజీల నోటుబుక్కుకి చెప్పుకుంటుంది. ఆ పుస్తకంలో ఈ మధ్య ఎక్కువగా గాలి గురించే రాస్తోంది.

ఎందుకంటే హైమ దగ్గర ఒక విమానం ఉంది. జీలుగు బెండుని బ్లేడుతో చెక్కి వెన్నెముక చేసింది. కొండచీపురు పుల్లలు చీల్చి రెక్కలు కట్టింది. వాటిమీద పళ్ళ దుకాణంలో ఇచ్చే పలుచని కవరు అంటించింది. పాత లంగా ఎలాస్టిక్‌లోంచి రబ్బరు పోగు లాగి, ఆముదం రాసి, ముందున్న పంకాకి తగిలించింది. అమ్మ కుట్టుమిషను చక్రానికి కొక్కెం పెట్టి ఆ రబ్బరుకి ఏడువందల మెలికలు వేస్తుంది. వదిలితే మెలికలు విప్పుకుంటూ పంకా తిరుగుతుంది, విమానం ఎగురుతుంది. మొత్తం బరువు ఆరు శెనగగింజలంత. ఇంజనుండదు, రిమోటుండదు. చేతిలోంచి వదిలాక ఇక ముట్టుకోవడం లేదు. నాలుగు గోడల మధ్య అది తిరిగి తిరిగి, నేలకు దిగేవరకు ఎంతసేపు ఉంటే అంత గొప్ప.

దానికి మాల్యాద్రి పొగాకు బ్యారన్ బాగా కుదిరింది. పచ్చి పొగాకుని వేడికి పండబెట్టే గది అది. అటు పదహారు అడుగులు, ఇటు పదహారు అడుగులు, ఎత్తు మాత్రం ఇరవై. ఆకు వేలాడదీసే వాసాలు వేసవి తర్వాత తీసి పక్కన పడేస్తారు. మళ్ళీ ఆకు వచ్చేదాకా అందులో ఒక తొట్టె, నేలబారున పొగగొట్టాలు, కాస్త పొగాకు దుమ్ము, ఇంతే. హైమ అక్కడ అగరుబత్తి వెలిగించి గంటలు గంటలు పొగ చూసేది. గాలి ఊరికే నిలబడి ఉండదని ఆమెకు తెలిసింది. నోటుబుక్కులో రాసుకుంది: ‘పొద్దున తూర్పు గోడ వెంట బెత్తెడు మేర పైకి. మధ్యాహ్నం ఎటూ కాదు, సోమరిగా ఉంది. నాలుగు దాటాక పడమటి గోడ పొయ్యి మీది పెనంలాగా కాలుతుంది, గాలి దాని వెంట ఎక్కుతుంది. అప్పుడు తలుపు తీస్తే నేలమీది కోడి ఈక కూడా లేచి గోడ ఎక్కింది.’

కిందటి నెల అబ్రహాం మాస్టారు వచ్చి చూసి, మూడు నిమిషాల ఐదు సెకన్లని తేల్చి, జిల్లా పోటీకి ఆమె పేరు పంపారు. అక్కడ రెండు నిమిషాలు దాటితే రాష్ట్ర పోటీ. ఆ పోటీ ఒక మూతబడ్డ విమానాల షెడ్డులో, తొంభై అడుగుల కప్పు కింద జరుగుతుంది. తొంభై అడుగులు! బ్యారన్ మీద బ్యారన్, దానిమీద బ్యారన్, ఇంకా పైన ఒక బ్యారన్‌కి పైగా. ఇరవై అడుగులకే కప్పుకి ముక్కు కొట్టుకునే తన విమానం అక్కడ ఎంత దూరం పోతుందో ఊహించుకుంటే హైమకు రాత్రి అన్నం సయించలేదు. ఆ మాట కూడా పుస్తకంలోనే రాసుకుంది.

ఇక పోటీ వీళ్ళింటికి ఎందుకు వచ్చిందో చెప్పాలి.

కిందటేడు ఈ పోటీ పట్నంలో ఒక కల్యాణమండపంలో జరిగింది. ముఖ్య అతిథికి ఉక్కపోస్తోందని ఎవరో ఫ్యాను వేశారు. ఏడు విమానాల్లో ఐదు ఫ్యాను రెక్కల్లోకి వెళ్ళాయి. ఒకటి సాంబారు గుండిగలో పడింది. ఒకటి ముఖ్య అతిథి ముక్కు మీద వాలింది. మొదటి ఆరింటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఏడోదాని మీద విచారణ సంఘం వేశారు. సంఘం మూడు నెలలు కూర్చుని, ఫ్యాను వేసినవాడిది తప్పు కాదని, ఫ్యానుది తప్పు కాదని, తప్పంతా గాలిదేనని తేల్చింది. దాంతో ‘నిశ్చల వాయు నియమావళి’ వచ్చింది. ముప్పై ఒక్క నిబంధనలు. మొదటిది: ‘పోటీ జరుగు స్థలమందు వాయువు కదలరాదు.’ రెండోది: ‘కదిలినచో అందుకు బాధ్యులెవరో నమోదు చేయవలెను.’

అప్పట్నుంచి సచ్చిదానందం గారు కదలని గాలి కోసం జిల్లా అంతా తిరిగారు. శీతల గిడ్డంగి చూశారు. మూతబడ్డ సినిమా హాలు చూశారు. ఒక బ్యాంకు వాళ్ళని బతిమాలి లాకర్ల గది కూడా చూశారు. ప్రతిచోటా ఒకటే ఇబ్బంది. లోపలి గాలి చూద్దామని తలుపు తీయగానే అది కదిలేది. చివరికి అబ్రహాం మాస్టారు బ్యారన్ సంగతి చెప్పారు.

“మా అమ్మాయి అందులోనే ఎగరేస్తది,” అని మాల్యాద్రి కూడా గర్వంగా చెప్పాడు. తర్వాత ఆ మాట ఎందుకు అన్నానా అని చాలాసార్లు అనుకున్నాడు.

* * *

తొమ్మిది గంటలకు గాలి పరీక్ష మొదలైంది. హైమ పెట్టెలోంచి ఒక అగరుబత్తి తెచ్చి ఇచ్చింది. సచ్చిదానందం గారు దాన్ని వెలిగించి బ్యారన్ మధ్యలో, విగ్రహంలాగా నిలబడ్డారు. పొగ సన్నగా, తిన్నగా పైకి వెళ్ళింది.

“కదులుతోంది,” అన్నారు ఆయన.

“పొగ గదా సార్. పైకే పోద్ది,” అన్నాడు మాల్యాద్రి గుమ్మంలోంచి.

“పైకైతే మాత్రం కదలిక కాదా అండీ? నియమావళిలో దిక్కు చెప్పలేదు. ఏ దిక్కుకీ కదలరాదు.”

“అయితే ఏం జేద్దాం?”

“వేచి చూద్దాం.”

వేచి చూశారు. పొగ కదులుతూనే ఉంది. సచ్చిదానందం గారి చెయ్యి లాగుతోంది, అయినా ఆయన చలించలేదు. ఇరవై నిమిషాలు, అరగంట గడిచాయి. అగరుబత్తి మొదలంటా కాలి, ఆయన వేలు చురుక్కుమంది. పొగ ఆగిపోయింది.

“ఆగింది!” అని అరిచారు ఆయన. “కన్వీనర్ గారూ, రాసుకోండి. తొమ్మిది గంటల ముప్పై నాలుగు నిమిషాలకు వాయువు నిశ్చలం!”

దశరథరామయ్య గారు ధ్రువపత్రం అక్కడికక్కడే రాసి, రబ్బరు స్టాంపు వేసి, బ్యారన్ తలుపుకి అంటించారు. ‘ఇందు మూలముగా ఈ గదియందలి వాయువు పరీక్షింపబడి, నిశ్చలమని నిర్ధారింపబడినది. దీనిని ఎవరును కదల్చరాదు.’

హైమ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ధ్రువపత్రం ఇచ్చాక ఆ గాలిని భద్రపరచాలి. బ్యారన్ కిందున్న గాలి కంతలన్నీ బురదతో పూడ్చారు. లోపలి వేడి ఎంతుందో బయటినుంచి చూసుకోవడానికి గోడకు ఒక అద్దపు కిటికీ ఉంటుంది. దాని అంచున సందు ఉందని అనుమానం వచ్చి, అద్దం నిండా మందపాటి కాగితం అంటించి నాలుగు మూలలా లక్క ముద్ర కొట్టారు.

“ఇప్పుడు లోపల ఏం జరుగుతున్నా బయటికి తెలియదు,” అన్నారు దశరథరామయ్య గారు తృప్తిగా. “అంటే పూర్తిగా మన అదుపులో ఉన్నట్టు.”

* * *

ప్రారంభోపన్యాసం లేకుండా పోటీ మొదలుపెట్టే అధికారం ఎవరికీ లేదు. అందుకని ఇరవై ఏడుగురూ బ్యారన్‌లోకి వెళ్ళి, తూర్పు గోడ పక్కన కొందరు, పడమటి గోడ పక్కన కొందరు నిలబడ్డారు. తలుపు మూశారు. ముఖ్య అతిథి మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

“ఆగండి,” అన్నారు సచ్చిదానందం గారు, చెంప తడుముకుంటూ. “ఎవరో ఊపిరి వదులుతున్నారు.”

అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

“పన్నెండో నిబంధన,” అన్నారు ఆయన. “‘హాజరైన వారి శ్వాస వలన వాయువు చలింపరాదు.’ దయచేసి అందరూ సహకరించాలి.”

“ఊపిరి బిగబట్టుకుని ఉపన్యాసం వినాలా?” అని అడిగాడొక తండ్రి, ఎర్రబడ్డ మొహంతో.

దశరథరామయ్య గారు ముప్పై ఏళ్ళు కొలువు చేసిన మనిషి. ఏ చిక్కుకైనా ఒక మార్గం చూపించగలరు. “అక్కర్లేదు. తూర్పువారు పీల్చునప్పుడు పడమటివారు వదలాలి. పడమటివారు పీల్చునప్పుడు తూర్పువారు వదలాలి. అప్పుడు ఆ గాలికి ఈ గాలి చెల్లు. మొత్తం మీద కదలిక సున్నా. అబ్రహాం మాస్టారూ, మీరు డ్రిల్లు చేయించండి.”

మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు. ఈల అంటే గాలి ఊదడమే కదా అన్నారు సచ్చిదానందం గారు. చెయ్యి ఊపబోయారు. చెయ్యి ఊపినా గాలే కదా అన్నారు. చివరికి మాస్టారు కనుబొమ్మలతో సైగ చేయాలని తీర్మానమైంది. కుడి కనుబొమ్మ ఎత్తితే తూర్పు పీల్చాలి, ఎడమది ఎత్తితే పడమర.

“మరి నేను?” అన్నారు మధ్యలో ఉన్న ముఖ్య అతిథి.

“తమరు స్వేచ్ఛగా,” అన్నారు దశరథరామయ్య గారు వినయంగా.

మాస్టారు కుడి కనుబొమ్మ ఎత్తారు. తూర్పు గోడ ఉబ్బింది. ఎడమది ఎత్తారు. పడమటి గోడ ఉబ్బింది. ముఖ్య అతిథి ‘గగనతలంలో మన జిల్లా స్థానం’ గురించి మొదలుపెట్టారు. హైమ తూర్పు వరుసలో నాయనమ్మ పక్కన నిలబడి, విమానం పెట్టిన అట్టపెట్టెను గుండెకు అదుముకుని పీలుస్తూ వదులుతూ ఉంది. లోపలినుంచి నవ్వు తన్నుకొస్తోంది. నవ్వంటే లెక్కలో లేని ఊపిరి. బిగబట్టుకుంది.

“ఒరే మాల్యాద్రీ,” అంది అంకమ్మ, గుసగుస అనుకుని గట్టిగానే. “ఇప్పుడు మనం పీల్చేదా, వదిలేదా?”

“పీల్చమ్మా, పీల్చు.”

“ఇందాకే పీల్చానురా. అది ఇంకా లోపలే ఉండాది. దానిమీద ఇంకోటి యాడ పెట్టుకోను?”

“గమ్మునుండు అమ్మా!”

“గమ్మునుంటే ఊపిరి తీసుకోవద్దంటావా? మీ నాయన పోయినప్పుడు కూడా నేను ఇన్నిసార్లు ఊపిరి గురించి అనుకోలా.”

మాస్టారికి నవ్వొచ్చి రెండు కనుబొమ్మలూ ఒక్కసారి లేచాయి. ఇరవై ఐదుగురు ఒక్కసారిగా పీల్చారు. బ్యారన్ గోడలకు ఎన్ని ఏళ్ళుగా పట్టిన పొగాకు దుమ్మో, అది కాస్తా రాలింది. ముందు ముఖ్య అతిథి ముక్కు ఎగబీల్చారు. కళ్ళు మూసుకున్నారు. నోరు తెరిచారు. సచ్చిదానందం గారు చేతులు జోడించి, “వద్దండీ, వద్దు, తమరికి దణ్ణం పెడతాను,” అంటూ ఉండగానే ఆయన తుమ్మారు.

ఆ తుమ్ముకి శాలువా పట్టుకున్న మనిషి తుమ్మాడు. ఫొటోగ్రాఫరు తుమ్మాడు. తూర్పు వరుస తుమ్మింది, పడమటి వరుస తుమ్మింది, నియమావళి కాగితాలు లేచి కప్పు దాకా వెళ్ళి వచ్చాయి. ఒక పట్నం పిల్లవాడి విమానం అట్టపెట్టెలోంచి లేచి తండ్రి జేబులో దిగింది. దాన్ని అధికారికంగా లెక్కించాలని ఆ తండ్రి పట్టుపట్టాడు.

దశరథరామయ్య గారు తుమ్ములన్నీ వరసగా రాసుకున్నారు. ముఖ్య అతిథి పేరు వచ్చేసరికి కలం ఆపి, ‘మర్యాద దృష్ట్యా నమోదు చేయనైనది కాదు’ అని రాశారు.

* * *

అందర్నీ బయటికి పంపి, ఇంకో అగరుబత్తి ఆరిపోయేవరకు పట్టుకుని, ఇంకో ధ్రువపత్రం అంటించేసరికి పదకొండున్నర అయింది. ఈసారి సచ్చిదానందం గారు ఎలాంటి పొరపాటూ జరగనివ్వలేదు. మనుషులుంటే వేడి, వేడి ఉంటే కదలిక. కాబట్టి లోపల ఎవరూ ఉండరాదు. పోటీదారు ఒక్కరు వెళ్ళి, విమానం వదిలి, వెంటనే బయటికి వచ్చెయ్యాలి. తలుపు మూసెయ్యాలి. ఇరవై రెండో నిబంధన ప్రకారం విమానం గాలిలో ఉన్నంతసేపు ఆ తలుపు తీయరాదు.

చీట్లు తీస్తే మొదటి చీటీ హైమదే వచ్చింది.

“ఇక్కడ సంతకం చెయ్యమ్మా,” అన్నారు దశరథరామయ్య గారు ఒక కాగితం చూపించి. హైమ చదివింది. ‘నా విమానము ఎగురునప్పుడు గాలిని ఏమాత్రమును కదలించదని హామీ ఇచ్చుచున్నాను.’ పంకా గాలిని వెనక్కి తొయ్యకపోతే విమానం ముందుకు ఎలా పోతుందో అడుగుదామనుకుంది. గొంతు రాలేదు. సంతకం చేసింది.

కుట్టుమిషను చక్రం మీద ఏడువందల మెలికలు తిప్పింది. విమానాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లోపలికి వెళ్ళింది. అబ్రహాం మాస్టారు తలుపు ఓరగా తెరిచి, వాచీ మీద బొటనవేలు పెట్టుకుని నిలబడ్డారు. హైమ చెంపతో గాలిని పలకరించింది. తుమ్ములు, మనుషులు, అగరుబత్తీలు కలిసి ఆ గాలిని చిత్రంగా తయారుచేశాయి. తూర్పున మెల్లగా దిగుతోంది, మూలల్లో సుడి తిరుగుతోంది. పడమటి మూలకి రెండడుగులు జరిగి, ముక్కు కొద్దిగా ఎత్తి, వదిలింది. విసరలేదు. వేళ్ళు తీసేసింది, అంతే.

మాస్టారు వాచీ నొక్కారు. పదకొండూ నలభై.

విమానం నిద్రలో నడుస్తున్నట్టు కదిలింది. పంకా ఒక్కో చుట్టూ లెక్కపెట్టుకోవచ్చు, అంత నింపాదిగా తిరుగుతోంది. ఒక ప్రదక్షిణ చేసి తల ఎత్తుకు వచ్చింది. ఇంకొకటి చేసి చేతికందని ఎత్తుకు పోయింది. సుడిలో కాస్త తడబడి, రెక్క సర్దుకుని, మళ్ళీ ఎక్కింది. హైమ నోరు తెరుచుకుని చూస్తోంది.

“అమ్మాయ్! నీ వేడి!” అన్నారు సచ్చిదానందం గారు గుమ్మంలోంచి, చేత్తో పిలుస్తూ, మళ్ళీ ఆ చేత్తో గాలి కదులుతుందని వెనక్కి తీసుకుంటూ.

హైమ వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి వచ్చింది. తలుపు మూసుకుంది. తను చూడకుండా తన విమానం ఎగరడం అదే మొదటిసారి.

* * *

రెండు నిమిషాలు గడిచాయి. మూడు. ఐదు.

“దిగి ఉంటది,” అన్నారు అబ్రహాం మాస్టారు. “వాచీ ఆపమంటారా?”

“ఎలా ఆపుతారండీ?” అన్నారు దశరథరామయ్య గారు. “దిగినట్టు ఎవరైనా చూశారా?”

“తలుపు మూసి ఉంది కదా సార్.”

“అయితే తలుపు తీసి సూడండి,” అన్నాడు మాల్యాద్రి.

“విమానం గాలిలో ఉండగా తలుపు తీయరాదు.”

“దిగిపోయింది గదా.”

“దిగినట్టు చూడలేదు కదా. దిగినట్టు చూడలేదంటే దిగనట్టే.”

“ఆ అద్దంలోంచి సూడొచ్చు.”

“అద్దానికి సీలు ఉంది. పోటీ ముగిసేదాకా సీలు విప్పరాదు.”

“పోటీ ఎప్పుడు ముగుస్తది?”

“విమానం దిగినట్టు చూసినప్పుడు.”

మాల్యాద్రి తలగుడ్డ తీసి దులుపుకుని మళ్ళీ చుట్టుకున్నాడు. “నాకు ఇంతవరకు పొగాకే అర్థం కాదనుకున్నా,” అన్నాడు.

పన్నెండు కాకముందే జిల్లా రికార్డు పోయింది. ఒంటిగంటకు, ఇంతవరకు ఎవరూ కలలో కూడా అనుకోనంత సమయం అయింది. దశరథరామయ్య గారి మొహం వెలిగిపోసాగింది. నియమావళి పనిచేస్తోందని ఇంతకంటే రుజువేం కావాలి? పైవాళ్ళకు ఫోను చేసి, “నిశ్చల వాయువు సాధించినందువలన విమానము దిగుటకు నిరాకరించుచున్నది,” అని చెప్పారు. ముఖ్య అతిథి ఉత్సాహం ఆపుకోలేక శాలువా తీసుకుని బ్యారన్ తలుపుకి కప్పారు. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. చప్పట్లు కొట్టబోతే సచ్చిదానందం గారు వారించారు. అందరూ అరచేతులు దగ్గరదాకా తెచ్చి ఆపారు.

పట్నం పిల్లల తల్లిదండ్రులు మాత్రం గొడవకి దిగారు. “మా వంతు ఎప్పుడండీ?”

“ఈ అమ్మాయి విమానం దిగాక.”

“అది దిగేదెప్పుడు?”

“అది దాని ప్రతిభ మీద ఆధారపడి ఉంటుంది.”

అబ్రహాం మాస్టారి అవస్థ వేరు. బొటనవేలు వాచీ మీదనుంచి తీస్తే లెక్క తప్పుతుందని భయం. అన్నాల వేళ అంకమ్మ పప్పన్నం కలిపి తెచ్చి ఆయన పక్కన కూర్చుంది. “నోరు తెరువు నాయనా. ఇంత పెద్దోడికి ముద్దలు పెట్టాల్సి వస్తదని అనుకోలా. గోంగూర నంజుకుంటావా?” మాస్టారు తలూపారు. కళ్ళు వాచీ మీదే. ముద్ద బుగ్గకి తగిలింది.

మూడు గంటలకు గేదె ఈనింది. సచ్చిదానందం గారు పరుగున వెళ్ళి పట్టికలో ‘పశువులు రెండు’ అని దిద్ది, దూడ వెచ్చదనం చేత్తో చూసి రాసుకున్నారు. దూడ ఆయన చెయ్యి నాకింది.

మూడున్నరకు పైనుంచి ఫోను వచ్చింది. దశరథరామయ్య గారు నిలబడి మాట్లాడారు. “చిత్తం. నాలుగు గంటలు కావస్తున్నదండీ. చిత్తం. పూర్తికాలేదండీ, ఇంకా ఎగురుతున్నట్టే లెక్క. చిత్తం... చిత్తం.” ఫోను పెట్టేసి హైమ వైపు తిరిగారు. “చాలా సంతోషించారమ్మా. అయితే రాష్ట్ర పోటీ జాబితా సాయంత్రం ఐదుకి మూసేస్తారట. అందులో పేరు ఎక్కాలంటే పూర్తయిన సమయం పంపాలట. నీది పూర్తికాలేదు కదా. ఏం చేస్తాం, నువ్వు అంత బాగా ఎగరేశావు.”

హైమకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రెండు నిమిషాలు ఎగిరితే చాలు, తొంభై అడుగుల కప్పు. నాలుగు గంటలు ఎగిరింది కాబట్టి ఏమీ లేదు.

ఆమె నాన్న వైపు చూసింది. మాల్యాద్రి దశరథరామయ్య గారి దగ్గరికి వెళ్ళి, “అయ్యా, మూడు నిమిషాలని రాసేయండి. పాపం పిల్ల,” అన్నాడు.

“నాలుగు గంటలు ఎగిరిన విమానానికి మూడు నిమిషాలు రాస్తే అది అబద్ధం కాదా అండీ?” అన్నారు ఆయన, నిజంగా నొచ్చుకుని.

నాలుగైంది. నాలుగుంపావు అయింది. బ్యారన్ పడమటి గోడ మీద ఎండ చురుక్కుమంటోంది. ముఖ్య అతిథి మంచం మీద కునుకు తీస్తున్నారు. సచ్చిదానందం గారు తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. అంకమ్మ హైమ దగ్గరికి వచ్చి, ఆమె జడ ముందుకు వేసి, చెవిలో అంది: “ఏమే, అది మన బ్యారన్. మన తలుపు. నువ్వు చేసిన విమానం. ఇంకా ఎవర్ని అడగాలంట?”

హైమ గోడ గడియారం చూసింది. ఐదుకి పద్దెనిమిది నిమిషాలు. అరుగు దిగింది. వాకిలి దాటింది. సచ్చిదానందం గారు దూడ గురించిన గడి ఒకటి దిద్దుకుంటూ తల వంచుకుని ఉన్నారు. ఆమె ఆయన పక్కనుంచి వెళ్ళి, శాలువా కప్పిన తలుపుని రెండు చేతులతో లాగింది.

అదుగో. విమానం పడమటి గోడ దగ్గర, పొగగొట్టం పక్కన, నేలమీద బుద్ధిగా కూర్చుని ఉంది. రెక్క కూడా వంగలేదు. పంకా ఎప్పుడో ఆగిపోయింది.

“దిగింది!” అని అరిచింది హైమ.

అది ఎవరి గొంతో ఆమెకే తెలియలేదు. పదేళ్ళ బడి చదువులో ఒక్కసారి కూడా అంత గట్టిగా పలకలేదు. ముఖ్య అతిథి మంచం మీద ఉలిక్కిపడి లేచారు. మాస్టారు వాచీతో పరుగెత్తుకొచ్చారు. “దిగింది సార్! రండి, చూడండి! నేలమీద ఉంది!” హైమ ఆగలేదు. నవ్వుతోంది, చెయ్యి చూపిస్తోంది. సచ్చిదానందం గారు కుర్చీ పడేసి లేచారు, దశరథరామయ్య గారు వచ్చారు, పట్నం తల్లిదండ్రులు వచ్చారు. అందరూ ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూడటానికి ఎగబడ్డారు.

అప్పుడు ఆమె కాళ్ళ పక్కనుంచి, తెరిచిన తలుపులోంచి, చల్లగా గాలి లోపలికి దూరింది. ఆ గాలి ఎటు పోతుందో హైమకు తెలుసు. తన పుస్తకంలో తన చేత్తో రాసుకున్న సంగతే. నేలబారున పాకి, పొగగొట్టం దాటి, పెనంలాంటి పడమటి గోడని తాకి, పైకి.

విమానం ఒక రెక్క ఎత్తింది. రెండోది ఎత్తింది. అందరూ చూస్తుండగానే నేల వదిలింది.

“అయ్యో,” అంది హైమ. ఆ మాట సగంలోనే నవ్వయిపోయింది.

ఎందుకంటే అది ఎక్కుతోంది. పంకా తిరగకుండా, ఒక్క మెలిక కూడా లేకుండా, గోడ వెంట కోడి ఈకలాగా తిరుగుతూ, మనిషి ఎత్తు, ఇద్దరు మనుషుల ఎత్తు, వాసాల గూళ్ళ దాకా, కప్పు దాకా. ఆమె ఎన్నడూ దాన్ని అంత తేలిగ్గా ఎగరడం చూడలేదు.

“చూశారా?” అన్నారు సచ్చిదానందం గారు. ఆయన కళ్ళు చెమర్చాయి. “మొత్తం ఐదు గంటల రెండు నిమిషాలు. ఇంకా ఎగురుతోంది.”

“మాస్టారూ, వాచీ ఆపకండి!” అన్నారు దశరథరామయ్య గారు.

“నేలమీద ఉండింది సార్! నేను చూశాను!” అంది హైమ.

“నువ్వు చూశావమ్మా. మేం ఎగరడం చూశాం,” అన్నారు సచ్చిదానందం గారు మెత్తగా, తండ్రిలాగా ఆమె భుజం పట్టుకుని గుమ్మం ఇవతలికి జరుపుతూ. “ఇంత గొప్ప విమానం చేసినదానివి, తలుపు తీసి గాలి కదపచ్చా చెప్పు?”

శాలువా సర్ది, ఆయన తలుపు ఆమె మొహం మీదే, చప్పుడు కాకుండా, చాలా జాగ్రత్తగా మూసేశారు.